ఎడారికి ముందు సీటు

ఆ రోజు గని క్యాంటీన్‌లో చాయ్ తాగుతున్న వాళ్ళందరూ శ్రీశైలం నోటివంకే చూస్తున్నారు. మణుగూరు ఓపెన్ కాస్టులో మట్టీ బొగ్గూ తప్ప మరొకటి ఎరగని మనిషి ఎడారి గురించి చెబుతున్నాడు మరి. ఇసుక దిబ్బలట, ఒంటెలట. జైసల్మేర్ అవతల సర్కారు కాపాడుతున్న ఎడారి పార్కుందట, అందులో నడుమెత్తు బట్టమేక పిట్టలు తిరుగుతాయట. ఈసారి కంపెనీ ఇచ్చే ఎల్‌టీసీ టూరుకి తిరుపతీ లేదు, షిర్డీ లేదు, మా ఇంటివాళ్ళూ పక్క క్వార్టరువాళ్ళూ కలిసి బండి మాట్లాడుకుని రోడ్డు వెంబడి అక్కడిదాకా పోయి ఇసుకలో కాలినడకన తిరిగి వస్తామని చెప్పాడు. పక్క బల్ల దగ్గర కూర్చున్న ఎబినేజర్‌కి చాయ్ గొంతు దిగలేదు.

ఎందుకు దిగుతుంది? ఆ ఎడారి అతనిది.

చిన్నప్పుడు వాళ్ళమ్మ ఇన్నమ్మ రోజూ సాయంత్రం బైబిల్ చదివి కథ చెప్పేది. మోషే తన జనాన్ని అరణ్యంలో నడిపించుకుపోయాడని చెప్పేది. ఆమె పుట్టి బుద్ధెరిగి చూసిన అరణ్యం పినపాక అడవే కాబట్టి ఆమె కథలో మోషే టేకుచెట్ల కింద నడిచేవాడు, దారిలో ఇప్పచెట్టు నీడన కూర్చుని అలుపు తీర్చుకునేవాడు. పెద్దయ్యాక పాస్టరుగారు నవ్వి, అది మన అడవి లాంటిది కాదయ్యా, చెట్టూ చేమా లేని చోటు అని చెప్పారు. ఎబినేజర్ ఆశ్చర్యపోయాడు. చెట్టు లేని నేల ఎలా ఉంటుంది? ఎటు చూసినా అడవే కనిపించే ఊళ్ళో పుట్టి పెరిగినవాడికి అది చిన్న కోరిక కాదు. ఒక్కసారైనా అలాంటి నేల మీద నడవాలనుకున్నాడు. కంపెనీ నాలుగేళ్ళకోసారి ఇచ్చే టూరు వచ్చినప్పుడల్లా అట్లాసు తీసేవాడు, రాజస్థాన్ మీద వేలు పెట్టేవాడు. తీరా బయలుదేరే వేళకి భయమేసేది. అంత దూరం, ఆ హిందీ, ఆ ఎండ. చివరికి పెళ్ళాం బిడ్డతో వేలాంగణ్ణి పోయి కొవ్వొత్తి వెలిగించి వచ్చేవాడు. ఇదీ అతని ఎడారి చరిత్ర.

ఈ సంగతి అతను చెప్పుకున్నది ఒక్క శ్రీశైలానికే. మధ్యాహ్నం అన్నం వేళ, డంపర్ టైరు నీడలో, టిఫిన్ గిన్నెలో పప్పు కలుపుకుంటూ.

వీళ్ళిద్దరి సంగతి కొంచెం చెప్పాలి. శ్రీశైలం షవల్ ఆపరేటరు. ఎబినేజర్ డంపర్ నడుపుతాడు. శ్రీశైలం షవల్‌తో మట్టి తవ్వి డంపర్లో పోస్తాడు, ఎబినేజర్ దాన్ని తీసుకుపోయి గుట్ట మీద గుమ్మరించి వస్తాడు. డంపర్ నిండిందో లేదో డ్రైవరుకి కనపడదు. షవల్ మీది మనిషి ఒక్క హారన్ కొడితే, నిండింది ఇక పో అని అర్థం. పద్దెనిమిదేళ్ళుగా ఆ హారన్ వినపడగానే ఎబినేజర్ కుడికాలు తనంతట తానే యాక్సిలరేటర్ తొక్కేది. శ్రీశైలం భార్య శోభారాణి అతన్ని అన్నా అని పిలుస్తుంది, కాబట్టి శ్రీశైలానికి అతను బావ. ఎబినేజర్ భార్య తబితా శ్రీశైలానికి చెల్లె. బొగ్గుబాయి కాలనీల్లో చుట్టరికాలు రక్తాన్ని అడిగి పుట్టవు, పక్కపక్క క్వార్టర్లలో ఉంటే చాలు. అలాంటి బావ ఎడారిని, ఆ బామ్మర్ది నలుగురిలో నాదని చాటుకున్నాడు.

ఎబినేజర్ ఆ పూటే అడిగేసి ఉంటే ఈ కథ లేదు. అడగలేదు. లోపల కుమ్ములో పెట్టిన చిలగడదుంపలా ఉడుకుతూ ఊరుకున్నాడు. ఇంటికి పోయి తబితాతో మాత్రం, మన టూరు వాడి టూరైపోయింది చూసినవా అన్నాడు. ఎవరి టూరైతే ఏంది, మొత్తానికి పోతున్నం గద అంది ఆమె, సంతోషంగా. ఆమె సంతోషం చూసి అతనికి ఇంకా మండింది.

శ్రీశైలం ఊరుకునే రకం కాదు. ఏ పని పట్టినా ఊరంతా వినపడాలి. ఖమ్మం పోయి నెట్ సెంటర్లో కూర్చుని రోడ్ల మ్యాపులు తీయించుకొచ్చాడు. నాగపూరు, ఇండోరు, ఉదయపూరు, జోధపూరు అని ఎర్ర పెన్నుతో గీత గీసి క్వార్టరు గోడకి అంటించాడు. ఖమ్మంలో సుమో ఉన్న లాలును మాట్లాడాడు. లాలు లంబాడా పిల్లవాడు, వాళ్ళ నానమ్మ జమ్లి, మనవాళ్ళు ఒకప్పుడు ఆ ఎడారి దిక్కు నుంచే వచ్చారని చెబుతుందట, అందుకని వాడికి కిరాయి కన్నా పోయి చూడాలనే ఉబలాటమే ఎక్కువ. ఇంతా కలిసివస్తే ఎవరికైనా ఆనందం కలగాలి. ఎబినేజర్ మాత్రం ఆ గోడ మీది ఎర్రగీతలో తప్పులు వెతికాడు. ఒక్కటీ దొరకలేదు. అదొక బాధ.

అన్నిటికన్నా పెద్ద బాధ నడక. ఎడారిలో నడవాలంటే ముందు అలవాటుండాలని శ్రీశైలం రెండిళ్ళ వాళ్ళనీ సాయంత్రాలు పాత మట్టిగుట్ట ఎక్కించడం మొదలుపెట్టాడు. బొగ్గు పైనున్న మట్టిని తవ్వి తెచ్చి పోయగా పోయగా కాలనీ వెనక లేచిన గుట్ట అది. ఇప్పుడక్కడ పోయడం ఆగిపోయి తుమ్మచెట్లు మొలిచాయి. ఆ గుట్టలో సగం ఎబినేజర్ డంపరు మోసుకొచ్చిన మట్టే. తాను పోసిన గుట్ట మీద మరొకడు గైడై నడిపిస్తుంటే ఏ మగాడు ఓర్చుకుంటాడు? మోకాలు నొప్పని చెప్పి అతను ఇంటిదగ్గరే ఉండిపోయాడు. ఉండి ఏం చేశాడు? మిద్దె మీదికెక్కి, గుట్ట మీద వరసగా కదిలే చుక్కల్లో తబితా చీర ఏదో, కూతురు ఆరాధన లంగా ఏదో వెతుక్కుంటూ నిలబడ్డాడు. అందరికన్నా ముందు నడిచేది ఎవరో వెతకనక్కర్లేదు. ఆ నడకలోనే తెలుస్తుంది.

తబితా చెమటతో తిరిగొచ్చి కొత్త క్యాన్వాస్ బూట్లు విప్పుతూ, ఇసుకలో ఎక్కేటప్పుడు అడుగులు చిన్నవి వెయ్యాలని, దిగేటప్పుడు మడమ ముందు దించాలని శ్రీశైలమన్న నేర్పించాడని చెప్పింది. నలభై ఏళ్ళ నుంచి ఎవడూ నేర్పకుండానే నడుస్తున్నావు కదా అన్నాడు ఎబినేజర్. ఆమె నవ్వేసింది. ఆరాధన అయితే మామ చెప్పిన ఎడారి ముచ్చట్లన్నీ నాన్నకి అప్పజెప్పింది. అవన్నీ టైరు నీడలో తాను చెప్పినవే. పిల్ల నోట మామ మాటలుగా తిరిగి వస్తుంటే అతను కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు. ఆ రాత్రి అన్నం ముందు ప్రార్థనలో పొరుగువాడి దేనినీ ఆశించకూడదన్న ఆజ్ఞ గుర్తొచ్చింది. నేను ఆశించేది నాదేగా అని దేవుడితోనే వాదన పెట్టుకున్నాడు.

చివరి దెబ్బ సుమో చూడ్డానికి పోయిన రోజు తగిలింది. లాలు బండిని తెచ్చి కాలనీ మూలమీద ఆపాడు. పిల్లలు ఎక్కి దిగి, తలుపులు తీసి మూసి, ఎవరెక్కడ కూర్చోవాలో పంచుకుంటున్నారు. శ్రీశైలం ముందు సీటు మీద అరచేత్తో చరిచాడు.

"ఇది నాది. తొవ్వ చూపియ్యనీకె ఒకడు ఉండాలె గద. బావా, నువ్వు ఎన్క కూసో. మంచిగ నిద్రపోవచ్చు."

అందరూ నవ్వారు. తబితా కూడా నవ్వింది. ఎబినేజర్ సైతం నవ్వాడు, నవ్వి ఆ నవ్వుతోనే ఇంటికొచ్చాడు. ఎన్నేళ్ళ ఎడారి, చివరికి తనకి వెనకసీట్లో నిద్రగా మిగిలింది. వాడు రాకుంటే బాగుండునని మొదటిసారి అప్పుడే అనుకున్నాడు. అనుకున్నాక ఆ మాట వదల్లేదు.

గనిలో ఒక పద్ధతుంది. సెలవు కావాలంటే తన బదులు నిలబడే మనిషిని తానే చూసుకోవాలి. మనిషిని చూపించనిదే సెలవు కాగితం మీద సంతకం పడదు. డంపర్‌కి బదులు మనిషి ఎవడైనా దొరుకుతాడు. షవల్‌కి దొరకడు. వాళ్ళ షిఫ్టులో శ్రీశైలం షవల్ మీద కూర్చోగలిగినవాడు జంపయ్య ఒక్కడే. జంపయ్యది పినపాక దగ్గర చిన్న ఊరు, రెండెకరాల మిర్చి తోట ఉంది. కాయ ఎండి, బస్తాలకెత్తి, ఖమ్మం యార్డుకి తోలాల్సిన రోజులవి. అయినా శ్రీశైలానికి మాటిచ్చాడు గనక, మీరు తిరిగొచ్చేదాకా నేను కదలనని చెప్పి కళ్ళం మీద టార్పాలిన్ కప్పి కూర్చున్నాడు.

ఒక సాయంత్రం షిఫ్టు దిగి వస్తూ ఎబినేజర్ అతనితో నడిచాడు. ముందే అనుకుని కలిశాడా అంటే చెప్పలేం. నోటిదాకా వచ్చిన మాటకు కాళ్ళు వాటంతటవే దారి చూసుకుంటాయి. మిర్చి ఎండిందా అని అడిగాడు. ఎండింది, రేటు కూడా బాగుందట, కానీ ఏం చేస్తాం అన్నాడు జంపయ్య.

"శ్రీశైలం పోతలేడు గద జంపయ్యా. మనసు మార్చుకున్నడు. నీకింక చెప్పలేదా?"

జంపయ్య ఆగిపోయాడు. "నిజంగనా అన్నా?"

"అవ్. నువ్ జల్దీ తోలుకపో. రేటు పడిపోతె మళ్ళ ఏడుస్తవ్."

అబద్ధమాడింది మందిరంలో కానుకల సంచి పట్టే మనిషి. చెప్పిన మాట వెనక్కి తీసుకుందామని మర్నాడు పొద్దున్నే షిఫ్టుకు పోయాడు. అప్పటికే జంపయ్య బస్తాలు లారీకెక్కించి ఖమ్మం దారి పట్టాడు.

శ్రీశైలం సెలవు కాగితం తిరిగొచ్చింది. షవల్‌కి మనిషి లేడు, సెలవు లేదు. అతను ఆఫీసులో అరిచాడు, బయటికొచ్చి హెల్మెట్ నేలకేసి కొట్టాడు. ఫలితం లేకపోయింది. శోభారాణి సర్దిన సంచులు విప్పడం మొదలుపెట్టింది. వాళ్ళ పిల్లలు బూట్లు కట్టుకుని వరండాలో కూర్చుని ఏడ్చారు. బడి సారును బతిమాలి సెలవు తెచ్చుకున్న పిల్లలు వాళ్ళు. పొద్దు గుంకేలోపు శ్రీశైలమే మనసు గట్టి చేసుకుని, నేను లేకుంటే ఏంది, మీరు పోండి, బావ ఉన్నడు, చెల్లె ఉన్నది అని శోభారాణిని ఒప్పించాడు. గోడకున్న మ్యాపు పీకి తెచ్చి ఎబినేజర్ చేతిలో పెట్టి, ముందు సీటు నీదే బావా, తొవ్వ తప్పకు అన్నాడు.

ఎబినేజర్ అయ్యో అన్నాడు. ఎంత పనైందిరా అన్నాడు. ఆ అయ్యోలో అంత నిజం ఎక్కడినుంచి వచ్చిందో అతనికే తెలియదు. ఎవరైనా జంపయ్య పేరెత్తితే మాత్రం గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆ పక్కనుంచి లేచిపోయేవాడు. అయినా నిజం దాచడమెందుకు, బయలుదేరడానికి మిగిలిన ఆ రెండు రోజులూ అతనికి లోపలెక్కడో హాయిగానే ఉంది. పిల్లలు దారి గురించి అతన్ని అడిగారు. లాలు డీజిలు ఎక్కడ పోయించాలో అతన్ని అడిగాడు. అతను మ్యాపు పరిచి, ఎర్రగీత మీద వేలు పెట్టి జవాబు చెప్పాడు. గీత గీసింది తాను కాదని ఎవరూ గుర్తు చేయలేదు.

బయలుదేరే ముందురోజు సాయంత్రం శ్రీశైలం వచ్చాడు. తబితా చాయ్ పెడతానంటే వద్దన్నాడు. ఆ ఇంట్లో చాయ్ వద్దన్నది అదే మొదలు. ఎబినేజర్‌ని బయటికి, సుమో దగ్గరికి పిలిచాడు. బండి మీద సామాను కట్టి ఉంది.

"జంపయ్యతోని మాట్లాడిన," అన్నాడు శ్రీశైలం. "కమీషన్ దుకాణానికి ఫోన్ చేసిన, ఎట్లన్న ఎన్కకు వస్తడేమోనని. యార్డు నిండిపోయిందట, కాంటా కాలేదట. రాలేడు."

ఎబినేజర్ సామానుకు కట్టిన తాడు ముడి సరిచేస్తున్నట్టు నిలబడ్డాడు.

"నేను పోతలేనని నువ్వే చెప్పినవట."

చెప్పలేదని అనొచ్చు. జంపయ్య తప్పుగా విన్నాడనొచ్చు. అబద్ధాలు వరసగా నోటిదాకా వచ్చాయి, ఒక్కదానికీ బయటికొచ్చే ధైర్యం చాలలేదు.

"ముందు సీటుకేనా బావా?"

ఆ మాట అంత చిన్నగా వినపడితే ఎబినేజర్‌కి తల కొట్టేసినట్టయింది. ఎడారికి అనబోయాడు. నా ఎడారిని నువ్వు గుంజుకున్నందుకు అనబోయాడు.

"అడిగితే ఇయ్యకపోదునా? నువ్ అడగవు. పద్దెనిమిదేండ్ల సంది చూస్తున్న, నీకేం కావాల్నో నోరు తెరిచి అడగవు. రెండుసార్లు ఎడారన్నవ్, రెండుసార్లు వేలాంగణ్ణి పోయి వచ్చినవ్. నలుగుర్ల చెప్తె ఈసారి ఎన్కకు పోవని క్యాంటీన్ల ఒర్రిన." శ్రీశైలం బండి ముందు తలుపు మీద చెయ్యి వేశాడు. "నాదని చెప్పుకున్నది తప్పే. చెప్పుకుంటుంటె అందరు నన్నే చూస్తుండ్రి. నాక్కూడ మంచిగనిపించింది. గది ఒప్పుకుంట."

"టూరు బంద్ పెడదాం," అన్నాడు ఎబినేజర్. అంతసేపటికి అతని నోటి నుంచి వచ్చింది అదొక్కటే.

"ఎందుకు? పొల్లగాండ్లేం పాపం చేసిండ్రు? పో. వాళ్ళను మంచిగ తిప్పుకొని తీస్కరా. శోభకు నేను చెప్పలేదు, నువ్ గూడ చెప్పకు, తొవ్వల మొకం మాడ్చుకుంటది. వచ్చినంక మాత్రం నా షవల్ కిందికి రాకు బావా. వేరే షవల్‌కు అడుక్కో."

అతను కోపంతో అరిచి ఉంటే ఎబినేజర్‌కి ఎంతో తేలికయ్యేది. అరవకుండా, సామాను తాడు ఒకసారి లాగి చూసి, బిగుతుగానే ఉందని వెళ్ళిపోయాడు.

పొద్దున్నే, పిల్లలింకా లేవకముందే, శ్రీశైలం ఫస్టు షిఫ్టుకి వెళ్ళిపోయాడు. ఎండ పొడ వచ్చాక అందరూ బండి చుట్టూ నిలబడితే తబితా ప్రయాణం కోసం ప్రార్థన చేసింది. షవల్ మీదున్న మా అన్నను కూడా కాపాడమంది. ఆమేన్ అనేటప్పుడు ఎబినేజర్ గొంతు అందరికన్నా ఆలస్యంగా లేచింది. ముందు సీట్లో కూర్చున్నాడు. ఒళ్ళో మ్యాపు. ఏటూరునాగారం దారిని అడవిలోంచి పోయి, అటునుంచి నాగపూరు రోడ్డెక్కాలి. లాలు బండి తీశాడు.

కాలనీ దాటకముందే వెనక సీట్లలో మాటలు మొదలయ్యాయి. నాన్న ఉంటే ఈపాటికి పాటందుకునేవాడని శ్రీశైలం చిన్నకొడుకన్నాడు. మామ ఇసుకలో పొర్లుపందెం పెడతానన్నాడని ఆరాధన అంది. ఆయన రాకపోయినా మనల్ని పంపించాడు చూడు, అలాంటి మనసు ఎవరికుంటుందని తబితా శోభారాణి చెయ్యి పట్టుకుంది. శోభారాణి కళ్ళొత్తుకుంటూ, అన్నా, నువ్వున్నవని ధైర్యంతోనే పంపిండు అంది. ఎబినేజర్ ముందుకే చూస్తూ తలూపాడు. తాను రాకుండా ఆపిన మనిషే బండినిండా కూర్చున్నాడు. చెబితే సిగ్గు, అప్పుడు కూడా ఎబినేజర్‌కి అసూయే కలిగింది. ఎడారిని ఇచ్చేసి, సీటిచ్చేసి, చేసిన ద్రోహాన్ని కడుపులో పెట్టుకుని షిఫ్టుకి పోయాడు వాడు. ఆఖరికి మంచితనంలోనూ వాడికే ముందు సీటు.

మూల తిరిగాక రోడ్డు కాస్తదూరం గని అంచునే పోతుంది. అక్కడ తుమ్మచెట్లు పలచబడి, కింద గొయ్యిలో మెట్లుమెట్లుగా తవ్విన నేలా, అడుగున శ్రీశైలం షవలూ కనిపిస్తాయి. దాని కింద ఎబినేజర్ డంపర్ ఆగి ఉంది, లోపల వేరే ఎవరో కూర్చున్నారు. పిల్లలు కిటికీల్లోంచి చేతులు బయటపెట్టి అరిచారు. లాలు బండి నెమ్మది చేశాడు.

షవల్ ఆఖరి బకెట్ మట్టి గుమ్మరించి చెయ్యి వెనక్కి తీసుకుంది. అప్పుడు హారన్ మోగింది. ఒక్కసారి.

నాన్న మనకు టాటా చెబుతున్నాడని పిల్లలు కేకలు పెట్టారు. శోభారాణి కొంగు ఊపింది. ఎబినేజర్ చెయ్యి ఎత్తలేదు. హారన్ వినగానే అతని కుడికాలు, ఏమీ లేని చోట, సుమో నేలను గట్టిగా తొక్కింది.